మన కరపత్రం ఆ తమ్ముడికి వినపడలేదు

పోయిన నెల మండల కేంద్రంలో స్కాలర్‌షిప్పుల మీద మీటింగు పెట్టుకున్నాం. నాలుగూళ్ల పిల్లలు వచ్చారు. అందరికంటే ముందు రావాల్సినవాడు మాత్రం రాలేదు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న తమ్ముడు. మన పేటవాడే. పుట్టుకతోనే చూపు లేదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు కోసం రెండేళ్లుగా తిరుగుతున్నవాడు. మర్నాడు మన కార్యకర్త వాళ్లింటికి పోయి కేకలేశాడు.

"నీ సమస్య మీదేగదరా మీటింగు పెట్టింది? నువ్వే రాకపోతే ఎట్టా?"

"మీటింగుందని నాకెట్టా తెలుస్తదన్నా?"

"అదేంది, వాట్సాప్‌లో కరపత్రం పెట్టాంగదా!"

"పెట్టారు. నా ఫోను 'ఫోటో' అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది."

ఆ కరపత్రం రాసింది మేమే. నీలం అంచు, పెద్ద అక్షరాలు, మధ్యలో అంబేడ్కర్ బొమ్మ, బ్రహ్మాండంగా వచ్చిందని మురిసిపోయిందీ మేమే. తేదీ, టైము, చోటు అన్నీ అందులో ఉన్నాయి. అన్నీ బొమ్మలోనే ఉన్నాయి. బొమ్మలో ఉన్న అక్షరం కళ్లున్నవాడికే అక్షరం. ఆ తమ్ముడికి అది మూసిన తలుపు. ఆ తలుపు వేసింది ఏ దొరా కాదు, మనమే. ఈ సంపాదకీయం ఆ సిగ్గుతో రాస్తున్నది.

చదివేవాళ్లలో కొందరికి ఒక అనుమానం రావచ్చు. చూపులేనోడు ఫోను చూడ్డమేంది, నెట్టులో చదవడమేంది అని. చూడడు, వింటాడు. మన చేతుల్లో ఉన్న మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలోనే టాక్‌బ్యాక్ అని ఒకటి ఉంటుంది. చాలా ఫోన్లలో కొన్నప్పుడే ఉంటుంది, పైసా కట్టక్కర్లా. సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేస్తే, వేలు ఎక్కడ పెడితే అక్కడ ఏముందో ఫోను పైకి చదువుతుంది. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు గబగబా తడితే తెరుచుకుంటుంది. తెలుగు గొంతు కూడా పెట్టుకోవచ్చు. (తెలియకుండా ఆన్ చేసుకోబాకండి. మా ఆఫీసులో ఒకాయన సరదాకి ఆన్ చేసి, తీయడం రాక అరగంట ఫోనుతో కుస్తీ పట్టాడు. చివరికి ఆ తమ్ముడే వచ్చి విడిపించాడు.) ఐఫోనులో ఇట్లాంటిదే వాయిస్‌ఓవర్ అని 2009 నుంచీ ఉంది. కంప్యూటర్‌లో అయితే స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం ఈ పని చేస్తుంది.

ఈ స్క్రీన్ రీడర్ల కథ మన కార్యకర్తలు తెలుసుకోవాలి. ఎందుకంటే ఇది ఎవరో జాలిపడి పడేసిన బిచ్చం కాదు.

అమెరికాలో టెడ్ హెంటర్ అనే మోటార్‌సైకిల్ పందేల మనిషి 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. తర్వాత కంప్యూటర్ పని నేర్చుకున్నాడు. ఆయన కంపెనీ 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్ తెచ్చింది. 1995లో అది విండోస్‌కి కూడా వచ్చింది. మంచి సరుకే, ఇప్పటికీ లక్షలమంది వాడతారు. కానీ దాని ఖరీదు సుమారు వెయ్యి డాలర్లు పలికేది. మన డబ్బుల్లో లెక్క వేసుకోండి. కూలికి పోయే ఇంట్లో పిల్లోడికి కంప్యూటర్ కొనడమే గగనం. దాన్ని మాట్లాడించడానికి కంప్యూటర్ కంటే ఎక్కువ పొయ్యాలంటే? చూపున్నవాడు తెర చూసినందుకు అదనంగా కడుతున్నాడా? చూపులేనివాడు మాత్రం చదివినందుకు కట్టాలి. ఇది కళ్ల మీద పన్ను. కళ్లు లేనందుకు పన్ను.

ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు కుర్రాళ్లు. ఇద్దరికీ చూపు లేదు. చిన్నప్పుడు చూపులేని పిల్లల సంగీత శిబిరంలో కలుసుకున్నవాళ్లు. చూపున్నవాడికి కంప్యూటర్ ఎంతో మాకూ అంతే కావాలి, పైన ఒక్క రూపాయి కట్టం అన్నారు. కరన్ 2006లో చదువు పక్కనపెట్టి సొంతంగా స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. టే వచ్చి కలిశాడు. 2007లో ఇద్దరూ లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. ఆ ప్రోగ్రాం పేరు ఎన్‌వీడీఏ. ఉచితం. ఉచితమే కాదు, దాన్ని ఎట్టా రాశారో కూడా బయటపెట్టారు. ఎవరైనా తీసి చూడొచ్చు, తమ భాషకి తగ్గట్టు మార్చుకోవచ్చు. అట్టా చాలా దేశాల జనం చేతులేసి, యాభైకి పైగా భాషల్లోకి తీసుకుపోయారు. దానితోపాటు వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగు కూడా పలుకుతుంది. కాస్త రోబో గొంతులాగా ఉంటుంది. కొత్తగా వింటే నవ్వొస్తుంది. ఆ తమ్ముడు దాన్ని ఎంత స్పీడులో పెట్టుకుంటాడంటే మాకు ఒక్క ముక్క అర్థం కాలా. వాడు మాత్రం తలూపుతూ వింటున్నాడు.

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ విండోస్ కంప్యూటర్‌లోనైనా పెట్టి నడిపించుకోవచ్చు. కాలేజీ ల్యాబ్‌లోనైనా, నెట్ సెంటర్‌లోనైనా. జేబులో తన కళ్లు తను పెట్టుకుని తిరిగినట్టు. ఈ మాట మాది కాదు, వాడిదే.

మరి పనిముట్టు ఉంది. ఉచితంగా ఉంది. తెలుగు కూడా పలుకుతుంది. అయినా రెండేళ్ల నుంచి వాడి దరఖాస్తు ఎందుకు ఆగింది?

ఇక్కడే అసలు సంగతి. స్క్రీన్ రీడర్‌కి కళ్లు లేవు. పేజీ రాసినవాడు లోపల ఏం రాసి పెట్టాడో అదే చదువుతుంది. శీర్షికని శీర్షిక అని రాసి పెడితే, హెచ్ అనే మీట నొక్కితే చాలు, ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకి దూకుతుంది. కళ్లున్నవాడు పేపరు తిరగేసినట్టు వాడు చెవితో తిరగేస్తాడు. అట్టా కాకుండా మామూలు అక్షరాన్నే లావు చేసి శీర్షికలాగా కనపడేటట్టు పెడితే దానికి తెలీదు. పేజీ మొదటి నుంచి చివరిదాకా వినాల్సిందే. బొమ్మ పెట్టినప్పుడు అందులో ఏముందో నాలుగు మాటలు వెనక రాసే చోటుంది. దాన్ని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. రాస్తే చదువుతుంది. రాయకపోతే "బొమ్మ" అంటుంది, లేకపోతే ఆ ఫైలు పేరు, ఏదో పది అంకెలు గొణుగుతుంది. దరఖాస్తులో గడికి పేరు కట్టి పెడితే "తండ్రి పేరు, ఇక్కడ రాయండి" అని చెప్తుంది. గడి పక్కన ఊరికే అక్షరాలు అచ్చేసి వదిలేస్తే "గడి" అంటుంది. తర్వాత "గడి". ఆ తర్వాత "గడి". ఇరవై గళ్లున్న ఫారం నింపండి చూద్దాం, కళ్లకి గుడ్డ కట్టుకుని.

"ఎర్ర రంగులో ఉన్నవి తప్పనిసరిగా నింపవలెను" అని రాస్తారు. ఎర్ర రంగు చెవికి ఎట్టా వినపడుతుందయ్యా? నింపేలోగా "మీ సమయం ముగిసినది" అని మొత్తం చెరిపేస్తారు. కంటితో పది నిమిషాల పని చెవితో అరగంట. ఈ సంగతి ఆ టైము పెట్టినవాడికి తట్టలేదు. తట్టాల్సిన అవసరం వాడికి ఎన్నడూ రాలేదు.

అన్నిటికంటే పెద్దది క్యాప్చా. వంకర టింకర అక్షరాల బొమ్మ చూపించి, ఇవేంటో టైపు చెయ్యి అంటుంది. 2000 ప్రాంతంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పేరు పెట్టారు. మనుషులెవరో, యంత్రాలెవరో వేరుచేసే పరీక్ష అని దాని అర్థం. ఆ వంకర అక్షరాలు చదివితే మనిషి, చదవలేకపోతే యంత్రం. అంటే చూపులేనివాడు మనిషి లెక్కలోకి రాడు. మనిషివని రుజువు చేసుకో అని గడప దగ్గర నిలబెట్టడం ఈ పత్రిక చదివేవాళ్లకి కొత్త గాదు. వెబ్‌కి ప్రమాణాలు రాసే డబ్ల్యూ త్రీ సీ సంస్థ దీనివల్ల అంధులకి జరిగే అన్యాయం గురించి 2005లోనే రాసింది. వినిపించే క్యాప్చా, లేదా ఫోనుకి వచ్చే అంకెలు, ఇట్లాంటి వేరే దారులున్నాయి. మన తమ్ముడు దరఖాస్తు పెట్టాల్సిన చోట బొమ్మ ఒక్కటే ఉంది.

అందుకని ఏం చేశాడు? నెట్ సెంటర్‌కి పోయాడు. అక్కడ కూర్చున్నవాడికి ఆధార్ నంబరు చెప్పాడు, బ్యాంకు ఖాతా చెప్పాడు, ఫోను చేతికిచ్చాడు. ఓటీపీ వచ్చింది, వాడే చూసి కొట్టుకున్నాడు. ఏం నింపాడో ఈయనకి తెలీదు. మొదటేడు బ్యాంకు ఖాతాలో ఒక అంకె తప్పు పడింది. ఆరు నెలల తర్వాత తెలిసింది. రెండో ఏడు గడువు దాటింది. నెట్ సెంటరు పిల్లోడు మోసగాడని మేము అనటంలా. చేతిలో పనిముట్టు పెట్టుకుని, నడపడం వచ్చి కూడా, తన గుట్టంతా పరాయివాడి చేతిలో పెట్టి "చూసి చెయ్యన్నా" అని బతిమాలే గతి ఎందుకు పట్టాలని అడుగుతున్నాం. చదువురాని రోజుల్లో కరణం దగ్గర వేలిముద్ర వేసి వచ్చిన మన తాతలు గుర్తుకు రావడంలా? కాగితంలో ఏముందో వాళ్లకీ తెలీదు.

వీళ్లు ఎంతమంది ఉంటారులే అని కొందరంటారు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందులో చూపుకి సంబంధించినవాళ్లే 50 లక్షలకి పైగా. మొత్తం జనాభాలో వికలాంగులు నూటికి 2.21 అయితే, షెడ్యూల్డ్ కులాల్లో 2.45. ఈ తేడా ఎక్కడనుంచి వచ్చిందో వాడల్లో ఉండేవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లా. తిండి, నీళ్లు, కాన్పు, ఆస్పత్రి దూరం. లెక్కకి రానివాళ్లు వేరే.

పేరు విషయం కూడా ఒక మాట. మన ఊళ్లలో చూపులేనివాణ్ణి సొంత పేరుతో పిలవరు. "గుడ్డోడు" అంటారు. మన వాడల్లో కూడా అంటారు, దాయడం దేనికి. కులం పేరుతో పిలిస్తే మండేవాళ్లం మనం, ఈ పిలుపు మన నోట్లోనే ఎట్టా ఉంది? ఇక పైవాళ్లు 2015 డిసెంబరులో రేడియోలో "దివ్యాంగులు" అని కొత్త పేరు పెట్టారు. ఆ పేరు చాలా వికలాంగుల సంఘాలు ఒప్పుకోలా. మాలో దివ్యత్వమేమీ లేదు, మా హక్కు మాకివ్వండి అన్నాయి. మనకొకప్పుడు దేవుడి బిడ్డలని పేరు పెట్టి గుడి బయటే నిలబెట్టిన సంగతి తెలిసినవాళ్లకి ఆ కోపం ఇట్టే అర్థమవుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ సమాచారం వాళ్లకి అందే రూపంలో ఉండేటట్టు ప్రభుత్వం చూడాలని 42వ సెక్షన్. సర్కారు వెబ్‌సైట్లు ఎట్టా ఉండాలో 2009లోనే మార్గదర్శకాలు రాసుకున్నారు, 2018లో మార్చారు, 2023లో మళ్లీ మార్చారు. రాసుకోవడంలో మనవాళ్లకి ఎదురులేదు. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలని వీలుంటే పాటించండి అన్నట్టు వదిలేసిన 15వ నిబంధన చట్టానికే విరుద్ధమని కొట్టేసింది. తప్పనిసరి నిబంధనలు రాయమంది. ఆ కేసు 2005లో మొదలైంది. పంతొమ్మిదేళ్లు.

తర్వాత 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు. యాసిడ్ దాడిలో ముఖం, కళ్లు దెబ్బతిన్న అక్కలు కొందరు కోర్టుకి పోయారు. బ్యాంకు ఖాతాకి, ఫోను కనెక్షన్‌కి ఫోటో తీసేటప్పుడు కళ్లార్పమంటుంది యంత్రం. ఆర్పడానికి రెప్పలే లేనివాళ్లు ఏం చెయ్యాలి? పూర్తిగా చూపులేని ఒకాయన కూడా తన కేసు వేశాడు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని బతికే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. ఇరవై ఆదేశాలిచ్చింది. ఈ రెండు తీర్పుల సంగతి మన లాయరు మిత్రులు కాలేజీ హాస్టళ్లలో చెప్పాలి. ప్రిన్సిపాల్‌కి, జిల్లా సంక్షేమ అధికారికి అర్జీ పెట్టేటప్పుడు తేదీలతో సహా రాయాలి. "దయచేసి" అన్న మాట ఆ అర్జీలో వద్దు.

సర్కారుని తిట్టడం మనకి తేలిక. ఇప్పుడు మన ఇల్లు చూసుకుందాం.

ఈ పత్రికే తీసుకోండి. యూనికోడ్ అని ఒక లెక్క ఉంది, లోకంలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు అక్షరాలకి నంబర్లున్నాయి. యూనికోడ్‌లో కొట్టిన "అ"ని ఏ ఫోనైనా, ఏ కంప్యూటరైనా "అ" అనే చదువుతుంది. మన డీటీపీ సెంటర్లలో ఇంకా నడుస్తున్న పాత ఫాంట్లు అట్టా కాదు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు ముక్కలు గీసి పెట్టారు. కొమ్ము ఒకచోట, ఒత్తు ఒకచోట. కంటికి "ఆత్మగౌరవం" అని కనపడుతుంది. కంప్యూటర్ లోపల ఉన్నది మాత్రం ఏవో ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. పోయిన సంచిక పీడీఎఫ్ ఆ తమ్ముడి కంప్యూటర్‌లో పెట్టి మేమే విన్నాం. మన సంపాదకీయం, మన పాటలు, మన మృతవీరుల పేర్లు, అన్నీ పిచ్చి కూతలుగా వినపడ్డాయి. రెండు నిమిషాలు విని ఆపమన్నాం. వాడు నవ్వి, "నాకు రోజూ ఇదే అన్నా" అన్నాడు.

పాత సంచికలైతే ఇంకా అన్యాయం. స్కాన్ చేసి పెట్టాం, అంటే ప్రతి పేజీ ఒక ఫోటో. సర్కారు జీవో మీద సంతకం పెట్టి స్కాన్ తీసి పెట్టినట్టే. ఫోటోలోని అక్షరాలని గుర్తుపట్టే ప్రోగ్రాములున్నాయి. కొత్త ఫోన్లలో కృత్రిమ మేధ బొమ్మని చూసి వర్ణించి చెప్తుంది కూడా. మంచిదే, వాడుకోవాలి. కానీ అది తేదీ తప్పు చదివితే తప్పని పట్టుకునే దారి వినేవాడికి లేదు. మనం సరిగ్గా రాసిపెడితే ఆ ఊహాగానంతో పనేముంది?

లోకమంతా ఇట్టాగే ఉందిలే అని సర్దుకోవచ్చు. ఉన్నమాట నిజమే. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ప్రతి ఏడూ పది లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలు పరీక్షిస్తుంది. 2025లో నూటికి 94.8 పేజీల్లో తప్పులు పట్టింది. వీటికి నియమాలు 1999 నుంచీ రాసి ఉన్నాయి. లోకం చెయ్యలేదని మనం మానుకుంటే, లోకం చెయ్యని పని చెయ్యడానికే పెట్టుకున్న సంఘం ఇంకెందుకు?

కాబట్టి కార్యకర్తలకి చెప్తున్నాం. కరపత్రం బొమ్మ పెట్టండి, వద్దనటంలా, మన నీలం అంచు మనకి ముద్దే. దాని కింద అందులోని మాటలన్నీ మామూలుగా టైపు చేసి పెట్టండి. తేదీ, టైము, చోటు, ఏ బస్సు దిగాలో కూడా. టైపు చెయ్యడానికి ఓపిక లేకపోతే ఫోనులో మాట్లాడి పంపండి, అరనిమిషం పని. ఫోటో పెట్టినప్పుడు ఫోటోలో ఎవరెవరున్నారో ఒక వాక్యం రాయండి. దరఖాస్తు నింపడానికి చూపులేనివాళ్లకి తోడు కూర్చుంటే, నింపిన ప్రతి గడీ పైకి చదివి వినిపించండి, ఓటీపీ వాళ్లే చెప్పేటట్టు చూడండి, చివర రశీదు వాళ్ల ఫోనుకి పంపండి. మీ ఊళ్లో చూపులేని పిల్లలెవరున్నా ఫోనులో టాక్‌బ్యాక్ ఉందని చెప్పండి. ఉందనే చాలామందికి తెలీదు. నేర్పడానికి ఆ తమ్ముడు వస్తానన్నాడు, బస్సు ఛార్జీ సంఘం పెట్టుకుంటుంది.

పత్రిక తరఫున మేము చేసేది ఇది. వచ్చే సంచిక నుంచి కంపోజింగు యూనికోడ్‌లో. డీటీపీ మిత్రుడు కొంచెం గొణిగాడు, ఒప్పుకున్నాడు. అచ్చు పత్రికతోపాటు మొత్తం పాఠం వాట్సాప్‌లో చదివించుకునే రూపంలో వస్తుంది, చందా అక్కర్లేదు. పాత సంచికలు మళ్లీ టైపు చెయ్యాలి. అది పెద్ద పని. హాస్టలు పిల్లలు తలా పది పేజీలు తీసుకుంటే ఏడాదిలో కొంతైనా అవుతుంది. తీసుకునేవాళ్లు మీ మండల కార్యకర్తకి పేరివ్వండి.

ఈ సంపాదకీయం అచ్చుకి పోకముందే పాఠం ఆ తమ్ముడికి పంపాం. సాయంత్రానికల్లా ఫోను చేశాడు. అంతా బాగానే చదివిందంట. చివర్లో వేసిన బొమ్మకి మాత్రం వెనక మాట రాయలేదని తిప్పి పంపాడు.